1957 జాన్సన్ సీ హార్స్‌కు కీ స్టార్టు: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, మూడో వారం

గ్యారేజీలో ఇప్పుడు రెండు మోటార్లు పక్కపక్కన స్టాండ్ల మీద ఉన్నాయి. రెండూ 1957 నాటి జాన్సన్ సీ హార్స్‌లే, అంటే పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డు మోటార్లు, రెండూ 35 హార్స్‌పవరువే. ఒకదాని పలక మీద ఆర్‌డీ-19 అని, రెండోదాని మీద ఆర్‌డీఈ-19 అని ఉంది. మొదటిది తాడు లాగి స్టార్ట్ చేసేది. కొన్నేళ్లుగా మా పడవకు అదే దిక్కు. రెండోది ఫ్యాక్టరీ నుంచే ఎలక్ట్రిక్ స్టార్టుతో వచ్చింది, కానీ దాని కింది సగం పనికిరాదు. గేరు పెట్టెలోకి చేరిన నీళ్లు ఏదో చలికాలంలో గడ్డకట్టి పోతను (అచ్చులో పోసిన లోహపు భాగాన్ని) నిలువునా చీల్చేశాయి. అమెరికాలో మేముండే విస్కాన్సిన్‌లో ఇలాంటివి తరచూ అమ్మకానికి వస్తాయి. గేరు పెట్టెలో నీళ్లు మిగిలితే ఇక్కడి చలికి అది పగిలిపోవచ్చు. పైసగంలోని స్టార్టరు, పళ్లున్న ఫ్లైవీలు (ఇంజను పైన తిరిగే బరువైన చక్రం), బ్రాకెట్లు, తీగల పెట్టె మాత్రం చెక్కుచెదరలేదు. నాకు కావలసినవీ అవే.

ఈ పని మా ఆవిడ కోసం. చేపలు పట్టడంలో ఇంట్లో అసలైన నేర్పరి ఆవిడే. ఏ గాలికి చేప ఏ ఒడ్డు చేరుతుందో ఆవిడకు తెలుసు. నేను పడవ నడిపేవాణ్ని మాత్రమే. గత ఏడాది ఆవిడ భుజానికి శస్త్రచికిత్స అయ్యాక తాడు జోలికి వెళ్లవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అప్పటి నుంచి నాకు సెలవు దొరికిన రోజే ఆవిడకు సరస్సు. "మోటారు స్టార్ట్ చేయడానికి ఒక మనిషిని వెంటబెట్టుకుని వెళ్లాలంటే అది షికారు అవుతుంది గానీ వేట కాదండీ" అంది ఆవిడ. నిజమే. మే మొదటి శనివారం ఇక్కడ చేపల సీజను మొదలవుతుంది. అప్పటికి ఆవిడ ఒక్కతే పడవెక్కి, కీ తిప్పి వెళ్లగలగాలి.

కొత్త మోటారు కొంటే పోదా అని స్నేహితులు అడుగుతున్నారు. కొనవచ్చు. కానీ అరవై ఏళ్లు దాటినా ఈ రెండు సిలిండర్లూ ఇంకా బలంగా ఉన్నాయి. బాగున్న యంత్రాన్ని తాడు ఒక్కదాని కోసం పక్కన పెట్టడానికి నాకు మనసు రావడం లేదు.

ఒక నియమం పెట్టుకున్నాను. నా మోటారుకు కొత్తగా ఒక్క రంధ్రం కూడా వేయను. ఫ్యాక్టరీ ఆ ఏడాది ఇదే మోటారును తాడుతోనూ, స్టార్టరుతోనూ రెండు రకాలుగా అమ్మింది. వాళ్లు బిగించిన చోట వాళ్ల భాగాలనే బిగిస్తాను. రేపు ఎవరైనా దీన్ని పాత రూపానికి తేవాలనుకుంటే పానాలతోనే పని అయిపోవాలి.

మార్చి, మొదటి వారం

స్టార్టరును ఇంకా ముట్టుకోలేదు, కావాలనే. ఈ పనికి దిగే చాలామంది తాడు లాగినా అందుకోని ఇంజనుకు స్టార్టరు తగిలిస్తారు. అప్పుడు స్టార్టరు కాలిపోతుంది, బ్యాటరీ దిగిపోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. చల్లటి ఇంజను రెండు మూడు లాగుళ్లలో అందుకోకపోతే లోపం తాడులో లేదు. దాన్ని ముందు సరిచేయాలి.

కంప్రెషన్, అంటే పిస్టను లోపల నొక్కే ఒత్తిడి, రెండు సిలిండర్లలోనూ దాదాపు సమానంగా చూపించింది. అది తెలిసిన క్షణమే ఈ ప్రాజెక్టుకు ప్రాణం వచ్చింది. ఇక నిప్పురవ్వ సంగతి. ఈ మోటార్లలో బ్యాటరీ ఇగ్నిషన్ ఉండదు, మాగ్నెటో ఉంటుంది. ఫ్లైవీలులో అమర్చిన అయస్కాంతం తిరుగుతూ లోపలి కాయిళ్లలో విద్యుత్తు పుట్టిస్తుంది. ఒక్కో సిలిండరుకు ఒక కాయిలు, ఒక జత పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ కరెంటును తెంపే చిన్న స్విచ్), ఒక కండెన్సరు. అదంతా ఫ్లైవీలు కింద దాగి ఉంటుంది కాబట్టి ఫ్లైవీలు తీయక తప్పదు. ఎలాగూ దాన్ని మార్చాలి కనుక రెండు పనులూ ఒకేసారి.

ఫ్లైవీలు తీయడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పాత మోటార్లు ఎక్కువగా ఇక్కడే పాడవుతాయి. పైన నట్టు విప్పినా ఫ్లైవీలు ఊడి రాదు. లోపల క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివర కొద్దిగా సూదిగా, ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఫ్లైవీలు దాని మీద దశాబ్దాలుగా బిగుసుకుని ఉంటుంది. ఫ్లైవీలు మధ్యలో మూడు మర రంధ్రాలు ఉంటాయి. పుల్లరు, అంటే ఊడలాగే పనిముట్టు, దాని బోల్టులు వాటిలోకే ఎక్కించాలి, అంచు పట్టుకుని లాగే పంజా పుల్లరు పనికిరాదు. నట్టును పూర్తిగా తీసేయకుండా రెండు మరల మేర వదిలి ఉంచాను, ఫ్లైవీలు ఎగిరి పడకుండా. పుల్లరు మధ్య బోల్టు గట్టిగా బిగించి, దాని తల మీద సుత్తితో ఒక్క దెబ్బ. టప్పుమని శబ్దం వచ్చి వదిలింది. క్రాంకు చివర మీద నేరుగా సుత్తి వేసినవాళ్ల మోటార్లు చూశాను, మరలు పుట్టగొడుగులా విచ్చుకుపోయి ఉంటాయి.

లోపల ఊహించినదే కనిపించింది. రెండు కాయిళ్ల పైతొడుగూ బీటలు వారింది. ఆ కాలపు జాన్సన్, దాని సోదర కంపెనీ ఎవిన్‌రూడ్ కాయిళ్లన్నిటిదీ ఇదే కథ. పైతొడుగు ఎండి పగిలితే, నిప్పురవ్వ ప్లగ్గు దాకా వెళ్లకుండా ఆ పగులులోంచే లోహానికి దూకేస్తుంది. వేడెక్కితే మరీ ఎక్కువ. గత వేసవిలో మధ్యాహ్నాలు మోటారు మొండికేయడానికి కారణం దొరికింది.

మార్చి, చివరి వారం

కొత్త కాయిళ్లు, పాయింట్లు, కండెన్సర్లు వచ్చాయి. 1957 నాటి మోటారుకు ఇవాళ కొత్త కాయిలు దొరకడం వింతగా అనిపించవచ్చు. దానికి కారణం ఉంది. 1936 నాటికి ఎవిన్‌రూడ్, జాన్సన్ ఒకే గొడుగు కిందికి వచ్చాయి; ఆ సంస్థ పేరే తర్వాత ఔట్‌బోర్డ్ మెరీన్ కార్పొరేషన్ అయింది. యుద్ధం తర్వాత ఆ సంస్థ 3 హార్స్‌పవరు చిన్న మోటారు మొదలుకొని 40 హార్స్‌పవరు దాకా ఎన్నో మోడళ్లలో ఒకే రకం మాగ్నెటో కాయిలు వాడింది, అదీ దశాబ్దాల పాటు. 2000 డిసెంబరులో సంస్థ దివాలా తీసింది. కానీ దాని మోటార్లు అమెరికా సరస్సుల మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి కాయిళ్లు తయారుచేసేవాళ్లకు ఇప్పటికీ గిరాకీ ఉంది. నా రెండు మోటార్ల భాగాలు ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోవడమూ ఆ పొదుపు చలవే. ఆనాటి ఇంజనీర్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

పాయింట్ల మధ్య ఎడం అంగుళంలో వెయ్యిలో 20 వంతులు, అంటే సుమారు అర మిల్లీమీటరు. క్రాంకుతో తిరుగుతూ పాయింట్లను తెరిచే కామ్ ఎత్తయిన భాగం పాయింటును పూర్తిగా తెరిచినప్పుడు ఫీలర్ గేజ్‌తో (సన్నటి రేకుల కొలబద్దతో) కొలవాలి. గేజ్ మీద నూనె ఉంటే ఆ పొర పాయింట్లకు అంటుకుని కొత్తవి కూడా పనిచేయవు. అందుకే చివర్లో స్పిరిట్‌లో తడిపిన మందపాటి తెల్ల కాగితాన్ని పాయింట్ల మధ్య లాగి, అది మరక లేకుండా బయటికి వచ్చేదాకా తుడిచాను.

కాయిలు ఇనుప పాదాలు మాగ్నెటో పళ్లెం మీద చెక్కిన అంచులతో సరిగ్గా సమంగా కూర్చోవాలి. బయటికి జరిగితే ఫ్లైవీలు అయస్కాంతానికి రాసుకుంటాయి. లోపలికి జరిగితే రవ్వ బలహీనపడుతుంది. వేలిగోటితో తడిమితే మెట్టు తగలకూడదు. ఈ గోటి పరీక్షను మించిన పరికరం నాకు తెలియదు.

పరీక్ష కోసం పాత ఫ్లైవీలే మళ్లీ పెట్టి తాడు లాగాను. పావు అంగుళం ఖాళీని నీలి రవ్వ టక్కున దూకింది, రెండు సిలిండర్లకూ. పీపాలో నీళ్లు నింపి మోటారు తగిలిస్తే చలిలో కూడా వెంటనే అందుకుంది. ఇప్పుడు దీనికి స్టార్టరు పెట్టవచ్చు.

ఇంధనం గురించి ఒక మాట: 1957 మోటారుకు నేను 24 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె కలుపుతాను. 50కి ఒకటి చాలని చెప్పేవాళ్లు ఉన్నారు, కానీ ఆ లెక్క 1964 తర్వాతి మోటార్ల కోసం వచ్చింది. పొగ కొంచెం ఎక్కువైనా బేరింగులు పదిలంగా ఉంటాయి.

ఏప్రిల్, మొదటి వారం

సరస్సు మీద మంచు కరిగిపోయింది. మా పడవ దిగేది ఒకాచీ సరస్సులో. ఔట్‌బోర్డు చరిత్ర తెలిసినవాళ్లకు ఈ పేరు వెంటనే తడుతుంది. నార్వే నుంచి వలస వచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ 1906లో ఈ సరస్సు మీదే, తాను పెళ్లాడబోయే బెస్ అడిగిందని ఐస్‌క్రీము కోసం తెడ్డు వేసుకుంటూ వెళ్లాడనీ, తిరిగి వచ్చేసరికి అది కరిగిపోయిందనీ, పడవకు మోటారు పెట్టాలనే ఆలోచన అప్పుడే పుట్టిందనీ చెబుతారు. 1909లో మిల్వాకీలో మోటార్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఆ మోటార్ల అమ్మకాన్ని నడిపింది బెస్సే. ఒక స్త్రీ కోరిక నుంచి పుట్టిందని చెప్పే మోటారును మా ఆవిడ తాడు లేకుండా నడపాలని నేను ఇదే నీటి ఒడ్డున పని చేస్తున్నాను. ఆ తలపు నాకు చాలా నచ్చింది.

ఈ వారం పని స్టార్టరుది. దాత మోటారు, అంటే భాగాలిస్తున్న ఆర్‌డీఈ-19 నుంచి విప్పి బల్ల మీద తెరిచాను. బ్రష్‌లు అరిగిపోయాయి, అవి రాసుకునే రాగి పట్టీల చుట్టు, అంటే కమ్యుటేటరు, నల్లబడింది. రాగి పట్టీలను సన్నటి గరుకు కాగితంతో రుద్దాను. ఎమెరీ గుడ్డ వాడకూడదు. దాని పొడి పట్టీల మధ్య ఇరుక్కుంటే విద్యుత్తు ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి పారుతుంది. పట్టీల మధ్య గాడుల్లోని మసిని పాత రంపపు బ్లేడు ముక్కతో ఒక్కొక్కటిగా గీకి తీశాను. తర్వాత మల్టీమీటరుతో ప్రతి పట్టీకీ ఇరుసుకూ మధ్య చూశాను. ఎక్కడా సంబంధం లేదు, ఆర్మేచరు (స్టార్టరులో తిరిగే చుట్టల భాగం) ఆరోగ్యంగా ఉంది.

స్టార్టరును ఫ్లైవీలుకు కలిపే బెండిక్స్ మీద ఎవరో గ్రీజు దట్టించారు. స్టార్టరు ఇరుసు మీద మెలి తిరిగిన గాడి ఉంటుంది, దాని మీద చిన్న పళ్లచక్రం ఉంటుంది. ఇరుసు ఒక్కసారిగా తిరిగితే చక్రం జడత్వం వల్ల వెనకబడి, గాడి వెంట పైకెక్కి ఫ్లైవీలు పళ్లను పట్టుకుంటుంది. ఇంజను అందుకోగానే ఫ్లైవీలు వేగం దాన్ని కిందికి విసిరేస్తుంది. ఈ ఆటంతా చక్రం తేలిగ్గా జారడం మీదే ఆధారపడి ఉంది. గ్రీజు దుమ్ము పట్టి, చలికి గట్టిపడితే చక్రం పైకి లేవదు. స్టార్టరు ఊరికే గిర్రున తిరుగుతుంది. కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టి, పల్చటి నూనె రెండు చుక్కలు వేశాను. ఇప్పుడు వేలితో తడితే పైకి ఎగిరి, స్ప్రింగుతో కిందికి దిగుతోంది.

పాత కారు స్టార్టరు వాడకూడదా అని ఒక మిత్రుడు ఫోను చేసి అడిగాడు. ఈ మోటారు ఫ్లైవీలు పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. పళ్లతో పళ్లు కలిసిన రెండు చక్రాలు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి కాబట్టి స్టార్టరు దానికి వ్యతిరేకంగా తిరగాలి. తప్పు దిశలో తిరిగేది దొరికితే తీగలు తారుమారు చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చుట్టలతో చేసిన పాత స్టార్టర్లలో అది కుదరదు. తీగలు మారిస్తే చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డు కాయిళ్ల ధ్రువాలూ, ఆర్మేచరు ధ్రువాలూ రెండూ కలిసి మారతాయి, దిశ మాత్రం అలాగే ఉంటుంది. ఈ మోటారుకు ఈ స్టార్టరే.

ఏప్రిల్, రెండో వారం

పళ్ల ఫ్లైవీలును కడిగి బల్ల మీద పెట్టి, దీపం దగ్గరగా పట్టి చుట్టూ చూశాను. పళ్లన్నీ ఒకేలా అరగలేదు. రెండు చోట్ల మాత్రం అంచులు మొద్దుబారి, చిన్న ముళ్లలా లేచి ఉన్నాయి. ఆ రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయి. ఇది యాదృచ్ఛికం కాదు. రెండు సిలిండర్లు అర చుట్టు తేడాతో మండే ఇంజను, ఆపినప్పుడల్లా ఏదో ఒక సిలిండరు కంప్రెషన్ ముందు ఆగుతుంది. అంటే ఫ్లైవీలు ఆగే చోట్లు రెండే. స్టార్టరు చక్రం ప్రతిసారీ అక్కడే వచ్చి కొట్టుకుంటుంది. ఎవరి చేతుల్లోనో ఎన్ని వేసవులు తిరిగిందో ఆ పళ్ల మీద రాసి ఉంది. సన్నటి ఆకురాయితో లేచిన ముళ్లను మాత్రం తీశాను, పంటి ఆకారం జోలికి పోలేదు.

క్రాంకు ఏటవాలునూ, ఫ్లైవీలు లోపలి రంధ్రాన్నీ స్పిరిట్‌తో తుడిచి పొడిగా బిగించాను. అక్కడ నూనె ఉండకూడదు. పట్టు అంతా పొడి లోహం మీదే ఉంటుంది, మధ్యలో ఉండే చిన్న ఇనుప చీల వరుస తప్పకుండా చూడటానికే. నట్టును మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ పానాతో బిగించాను.

స్టార్టరు బ్రాకెట్ కూర్చునే చోటు నా మోటారు పోతలోనూ ఉంది. మరల్లో పేరుకున్న పాత రంగు గీకితే చాలు, దాత బోల్టులు చేత్తోనే ఎక్కాయి. ప్లగ్గులు తీసి ఫ్లైవీలును చేత్తో చుట్టూ తిప్పి చూశాను. చక్రం కింద ఉన్నప్పుడు పళ్లకు తగలడం లేదు, పైకి లేపితే పూర్తి లోతున కూర్చుంటోంది.

ఏప్రిల్, మూడో, నాలుగో వారాలు

తీగల పని. కాలం ఎక్కువ పట్టింది ఇక్కడే, పట్టాలి కూడా.

దాత తీగల తొడుగు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది, రాగి మీద పచ్చటి చిలుము. అవన్నీ తీసేసి కొత్తగా వేశాను. బ్యాటరీ నుంచి స్టార్టరుకు వెళ్లే లావు తీగలకు తగరపు పూత ఉన్న రాగి వాడాను. బ్యాటరీని పడవ వెనక భాగంలోనే పెట్టాను కాబట్టి తీగ పొట్టిది. పడవ ముందు పెడితే బరువు సమంగా ఉంటుంది, కానీ తీగ పొడుగయ్యే కొద్దీ వోల్టేజీ దారిలోనే పోతుంది. బ్యాటరీకి మూత ఉన్న పెట్టె, బిగించే పట్టీ, ప్లస్ కొనకు రబ్బరు తొడుగు పెట్టాను. పెట్రోలు ట్యాంకును పడవకు రెండో పక్కకు జరిపాను.

సాలినాయిడ్, అంటే కీ నుంచి వచ్చే చిన్న కరెంటుతో స్టార్టరు పెద్ద కరెంటును కలిపే అయస్కాంత స్విచ్, కొనేటప్పుడు చిన్న కొనలు లెక్కపెట్టుకోవాలి. కార్ల దుకాణంలో దొరికేవాటిలో చాలా వరకు చుట్ట ఒక చివర డబ్బాకే కలిసి ఉంటుంది. డబ్బా లోహానికి తగిలితే చాలు, పనిచేస్తుంది. నేను రెండు చిన్న కొనలూ విడివిడిగా బయటికి ఉన్నది తీసుకున్నాను. ఒక కొనకు కీ నుంచి కరెంటు వస్తుంది. రెండోది గేరు లివరు దగ్గర పెట్టిన న్యూట్రల్ స్విచ్ గుండా నేలకు, అంటే మైనస్‌కు వెళుతుంది. గేరు వేసి ఉంటే ఆ దారి తెగుతుంది, కీ ఎంత తిప్పినా స్టార్టరు తిరగదు. 35 హార్స్‌పవరు మోటారు గేరులో ఉండగా స్టార్ట్ అయితే నిలబడి ఉన్న మనిషి నీళ్లలో పడటం ఖాయం. అది కూడా పడవలో ఒంటరిగా ఉన్న మనిషి. ఈ స్విచ్ లేకుండా కీ ఇవ్వడానికి నేను ఒప్పుకోను.

కీ స్విచ్ విషయంలో అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. కారు కీ ఆన్ చేస్తే ఇగ్నిషన్‌కు 12 వోల్టులు పంపుతుంది, ఆఫ్ చేస్తే ఆపేస్తుంది. మాగ్నెటోకు బయటి కరెంటు అక్కర్లేదు, తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. దానికి 12 వోల్టులు తగిలిస్తే పాయింట్లు మాడతాయి, కాయిలు చెడుతుంది. మాగ్నెటో కీ తలకిందులుగా పనిచేస్తుంది: ఆన్‌లో తీగలను వదిలేస్తుంది, ఆఫ్‌లో కలుపుతుంది. రెండు జతల పాయింట్ల నుంచి చెరో తీగ వచ్చి కీ దగ్గర కలుస్తాయి. ఆఫ్‌లో ఆ రెండూ ఒకదానికొకటి తగులుతాయి. ఒక జత తెరుచుకునే సమయానికి రెండో జత మూసుకునే ఉంటుంది కాబట్టి, తెరుచుకున్న కాయిలు కరెంటు రెండో జత గుండా నేలకు పారిపోతుంది. ఏ సిలిండరుకూ రవ్వ పుట్టదు. నేలకు వేరే తీగే అక్కర్లేదు. ఇంత సరళంగా ఆలోచించినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

కీ నుంచి బయలుదేరే సన్నటి తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టాను. చల్లటి ఇంజనుకు గాలి తగ్గించే చోక్‌ను లాగడానికి దాత మోటారులోని సాలినాయిడే తెచ్చి కార్బురేటరు పక్కన బిగించాను, ముందు సీటులో కూర్చునే బొత్తాం నొక్కవచ్చు. లోయర్ యూనిట్‌లో (మోటారు కింది భాగంలో) కొత్త ఇంపెల్లరు (నీటి పంపు చక్రం), కొత్త నూనె వేశాను. అది ఏటా చేసే పనే.

ఏప్రిల్ చివరి ఆదివారం

పీపాలో మోటారు. మా ఆవిడ మల్టీమీటరు పట్టుకుంది, నేను కీ తిప్పాను. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉన్నది, స్టార్టరు తిరుగుతుండగా 10.8కి దిగింది. ఇది మంచి అంకె. 9.5 కన్నా కిందికి పోతే అనుమానించాలి. తర్వాత మీటరు రెండు కొనలనూ ఒకే తీగ రెండు చివర్ల పెట్టి మళ్లీ తిప్పాం. తీగలోనే అర వోల్టు కన్నా ఎక్కువ పోతే అక్కడ ఏదో బిగింపు వదులుగా ఉన్నట్టు లెక్క. ప్లస్ వైపు బాగుంది. మైనస్ వైపు ఎక్కువ చూపించింది. మోటారు పోత మీద తీగ కలిసే చోట రంగు అడ్డుపడుతోంది. ఆ వాషరు అంత మేర రంగు గీకి, లోహం మెరిసేలా చేసి మళ్లీ బిగిస్తే సరిపోయింది.

ఆ తర్వాత, పరీక్ష కోసం తీసి ఉంచిన ప్లగ్గు తీగలు పెట్టి, చోక్ నొక్కి, కీ తిప్పితే ఇంజను రెండు చుట్లలోనే అందుకుంది. బెండిక్స్ చక్రం టక్కుమని కిందికి దిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. మా ఆవిడ ఏమీ అనకుండా కీ ఆపేసి, మళ్లీ తానే తిప్పి స్టార్ట్ చేసింది. ఆ తర్వాత ఇంకోసారి.

మే, మొదటి శనివారం

సీజను మొదలైంది. తెల్లవారకముందే ఆవిడ పడవ దింపింది. నేను ఒడ్డునే ఉండిపోయాను, అది ముందే అనుకున్న మాట. న్యూట్రల్ స్విచ్ ఒక్కసారి మొండికేసింది. లివరు కొద్దిగా ముందుకు ఉన్నప్పుడు స్విచ్ తెరుచుకుంటోంది. వెనక్కి లాగితే పనిచేసింది. ఆ బ్రాకెట్‌ను ఒక్క మిల్లీమీటరు జరిపితే సర్దుకుంటుంది.

జనరేటరు పెట్టలేదు, పెట్టను కూడా. లెక్క చూశాను. స్టార్టరు 100 ఆంపియర్లు లాగుతూ అయిదు సెకన్లు తిరిగినా బ్యాటరీలోంచి పోయేది 0.14 ఆంపియర్-గంటలే. 50 ఆంపియర్-గంటల బ్యాటరీకి అది లెక్కలోకి రాదు. వారాంతంలో ఇంట్లో చార్జరుకు తగిలిస్తే చాలు. చేపలు చూపించే యంత్రానికి వేరే చిన్న బ్యాటరీ ఇచ్చాను, అది దిగిపోయినా స్టార్టు ఆగకూడదు. అత్యవసరానికి తాడు, ప్లగ్గు పానా, ఒక జత కొత్త ప్లగ్గులు సీటు కింద పెట్టెలో ఉన్నాయి. తాడు వాడాల్సి వస్తే నాకు ఫోను చేయాలని ఆవిడతో ఒప్పందం.

పళ్లు లేని నా పాత ఫ్లైవీలుకు నూనె పూసి, గుడ్డలో చుట్టి, ఏ మోటారుదో చీటీ కట్టి అటక మీద పెట్టాను. దాత మోటారులో ఇంకా మంచి క్రాంకు, రెండు పిస్టన్లు, కార్బురేటరు మిగిలాయి. వాటిని తుక్కుకు వేయను. పక్క ఊళ్లో ఇదే రకం మోటారులో పిస్టను బిగుసుకుపోయి ఆగిపోయిన పెద్దాయన ఒకరున్నారు; ఆయన అడిగితే కార్బురేటరు తప్ప మిగతావి ఇచ్చేస్తాను. కార్బురేటరు నాకే కావాలి. వచ్చే శీతాకాలం నా మోటారుది విప్పి కడిగేటప్పుడు పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.